ట్రైఇథైల్ సిట్రేట్: ప్లాస్టిక్‌ను మెత్తబరిచే పదార్థం తిండిలో, మందులో ఎందుకుంది?

అమెరికాలో సూపర్ మార్కెట్లో కార్టన్‌లో పోసి అమ్మే తెల్లసొన కొన్నవాళ్లు వెనక లేబుల్ చదివితే కొన్ని బ్రాండ్ల మీద రెండే పేర్లు కనిపిస్తాయి. ఒకటి తెల్లసొన, రెండోది ట్రైఇథైల్ సిట్రేట్. ఆ రెండోదాన్ని ఫోన్లో వెతికితే ముందుగా వచ్చే సమాచారం అదొక ప్లాస్టిసైజర్ అని, అంటే ప్లాస్టిక్ పెళుసుగా విరిగిపోకుండా మెత్తగా వంగేలా చేసేది అని. ఇంకాస్త కిందికి వెళ్తే మాత్రల మీద పూత, డియోడరెంట్, నెయిల్ పాలిష్ అని వరసగా వస్తాయి. అక్కడితో టెన్షన్ మొదలవుతుంది, స్క్రీన్‌షాట్ ఫ్యామిలీ గ్రూపులోకి వెళ్తుంది, "ప్లాస్టిక్ తినిపిస్తున్నారు" అని దాని కింద నాలుగు మెసేజ్‌లు పడతాయి.

ఒక పదార్థాన్ని ఇంకా ఎక్కడెక్కడ వాడతారో తెలిసినంత మాత్రాన అది మనకు మంచిదో చెడ్డదో తేలదు. ఒంట్లోకి వెళ్లాక అది ఏమవుతుంది, రోజుకి ఎంత వెళ్తోంది, పెట్టినచోటే ఉంటుందా లేక బయటికి జారుతుందా, ఇవి చూడాలి. ట్రైఇథైల్ సిట్రేట్ విషయంలో వీటికి చాలావరకు జవాబులున్నాయి. మన దగ్గర లేనిది వేరే ఉంది: మందు స్ట్రిప్పు మీద దాని పేరు. దాని దగ్గరికి చివర్లో వద్దాం.

కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అని అడిగితే ఇచ్చే తెల్లటి పలుకులు సిట్రిక్ యాసిడ్. ఆ అణువుకి ఆమ్లపు కొసలు మూడుంటాయి. ఒక్కో కొసకీ ఒక్కో ఇథనాల్ అణువు, అంటే మామూలు ఆల్కహాలే, తగిలితే మూడు నీటి అణువులు బయటికి పోయి ట్రైఇథైల్ సిట్రేట్ మిగులుతుంది. ఫ్యాక్టరీలో జరిగేదీ ఇదే: సిట్రిక్ యాసిడ్, ఆల్కహాల్, కొంచెం ఆమ్ల ఉత్ప్రేరకం కలిపి వేడిచేస్తారు, పుట్టిన నీటిని ఎప్పటికప్పుడు తీసేస్తారు. నీరు అందులోనే ఉండిపోతే తయారైన ఎస్టర్, అంటే ఆమ్లమూ ఆల్కహాలూ కలిసి ఏర్పడిన పదార్థం, మళ్లీ విడిపోయి మొదటికొస్తుంది కాబట్టి అసలు పనంతా ఆ నీటిని తీయడంలోనే ఉంటుంది. చివరికి చేతికొచ్చేది రంగూ వాసనా లేని, నూనెలా జారే ద్రవం. నిమ్మ ఉప్పు నుంచి వచ్చినా పుల్లగా ఉండదు, చేదుగా ఉంటుంది, పులుపునిచ్చే కొసలు మూడూ మూసుకుపోయాయి కదా. 294 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. నీళ్లలో లీటరుకి 60 గ్రాములకు పైగా కరుగుతుంది, ఈ కరిగే గుణమే ఒకచోట దానికి బలం, ఇంకోచోట బలహీనత.

నిమ్మ అనగానే గూడూరు మార్కెట్ నుంచి లారీలెక్కే బస్తాలు గుర్తుకొస్తాయి గానీ, ఇవాళ వాడే సిట్రిక్ యాసిడ్‌కీ నిమ్మ తోటలకీ సంబంధం దాదాపు లేదు. 1784లో స్వీడన్‌లో కార్ల్ షీలే నిమ్మరసం నుంచే దాన్ని మొదట వేరుచేశాడు, ఆ తర్వాత వందేళ్లకు పైగా సరుకంతా ముఖ్యంగా ఇటలీ నిమ్మకాయల నుంచే వచ్చింది. 1917లో అమెరికాలో జేమ్స్ కరీ అనే శాస్త్రవేత్త ఆస్పర్జిల్లస్ నైగర్ అనే నల్లబూజుకి చక్కెర ద్రావణం పోస్తే అది సిట్రిక్ యాసిడ్‌ని పుష్కలంగా తయారుచేస్తుందని చూపించాడు. 1919లో ఫైజర్ ఆ పద్ధతిలో ఉత్పత్తి మొదలుపెట్టింది. అప్పటి నుంచి మొలాసిస్, గ్లూకోజ్ సిరప్ లాంటివే ముడిసరుకు. కాబట్టి ఈ సిట్రేట్ ఎస్టర్లను "నిమ్మకాయ నుంచి తీసిన సహజ ప్లాస్టిసైజర్" అని ఎవరైనా అమ్మితే ఆ మాటని పట్టించుకోనక్కర్లేదు. సహజమా కాదా అన్నదాన్ని బట్టి దాని మంచిచెడ్డలు మారవు కూడా.

ఒంట్లోకి వెళ్లాక ఏమవుతుందంటే, కలిపినప్పుడు జరిగిన చర్య తిరగబడుతుంది. మన శరీరంలో ఎస్టరేజ్ ఎంజైములున్నాయి, ఇలాంటి బంధాలను తెంచడమే వాటి పని. ట్రైఇథైల్ సిట్రేట్ ప్రధానంగా సిట్రిక్ యాసిడ్‌గా, ఇథనాల్‌గా విడిపోతుంది. సిట్రిక్ యాసిడ్ ఒంటికి కొత్తది కాదు. తిన్న తిండి నుంచి శక్తి తీసుకోవడానికి మన కణాలు అనుక్షణం నడిపే చక్రానికి 1937లో హాన్స్ క్రెబ్స్ దాన్ని గుర్తించినప్పటి నుంచీ సిట్రిక్ యాసిడ్ చక్రమనే పేరుంది. మరి ఇథనాల్? ఇక్కడ లెక్క వేసి చూడటం మంచిది, ఎందుకంటే ఆల్కహాల్ అస్సలు ముట్టనివాళ్లకు ఇది న్యాయమైన సందేహమే. 276 గ్రాముల ట్రైఇథైల్ సిట్రేట్ పూర్తిగా విడిపోతే 138 గ్రాముల ఇథనాల్ వస్తుంది, అంటే బరువులో సరిగ్గా సగం. వినడానికి చాలా ఎక్కువ. కానీ మనిషి తినేది గ్రాముల్లో కాదు, మిల్లీగ్రాముల్లో.

తిండిలో కలిపే పదార్థాలను పరిశీలించే ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల కమిటీ దీనికి పెట్టిన రోజువారీ పరిమితి కిలో శరీర బరువుకి 20 మిల్లీగ్రాములు. జీవితమంతా రోజూ తీసుకున్నా ఇబ్బంది లేదని జంతువుల మీద పరీక్షల నుంచి లెక్కగట్టి, పెద్ద భద్రతా తేడా వదిలి చెప్పిన సంఖ్య అది. 60 కిలోల మనిషికి రోజుకి 1200 మిల్లీగ్రాములవుతుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ ద్రవరూప గుడ్డు ఉత్పత్తుల్లో కిలోకి 2500 మిల్లీగ్రాముల దాకా అనుమతిస్తుంది. అంటే 100 గ్రాముల తెల్లసొనలో, సుమారు మూడు గుడ్లది, ఎక్కువలో ఎక్కువ 250 మిల్లీగ్రాములు. దాన్నుంచి వచ్చే ఇథనాల్ 125 మిల్లీగ్రాములు, ఒక మిల్లీలీటరులో ఐదో వంతు కూడా కాదు. జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లు ప్రొటీన్ కోసం రోజూ అర లీటరు కార్టన్ తాగేస్తుంటారు, వాళ్ల సంగతి మాత్రం కొంచెం ఆలోచించాల్సిందే. ఆ కార్టన్‌లో కోడెక్స్ గరిష్ఠ మోతాదు వరకూ కలిపి ఉంటే 60 కిలోల మనిషి రోజు పరిమితికి చేరతాడు. ఆమ్లెట్ వేసుకునే వాళ్లకు ఈ లెక్కతో పనే లేదు.

అసలు తెల్లసొనలో ఇది ఎందుకు? క్రిముల భయంతో కార్టన్ తెల్లసొనని 56, 57 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు పాశ్చరైజ్ చేస్తారు. అంత తక్కువ వేడికే కొన్ని ప్రొటీన్లు దెబ్బతింటాయి. దానికితోడు ఫ్యాక్టరీలో వేలాది గుడ్లు పగలగొట్టేటప్పుడు పచ్చసొన చుక్కలు కొన్ని పడకుండా ఉండవు, పచ్చసొనలోని కొవ్వు నురుగుకి శత్రువు. ఈ రెంటి వల్ల బీటర్‌తో ఎంతసేపు కొట్టినా తెల్లసొన పొంగదు. కొద్దిగా ట్రైఇథైల్ సిట్రేట్ వేస్తే మళ్లీ నురుగు కట్టి నిలబడుతుంది. కేకులు, మెరాంగ్ చేసే బేకరీలకు అదే కావాలి. యూరప్ లేబుళ్ల మీద దీని పేరు ఈ1505, మన దేశపు లేబుళ్ల పద్ధతిలో అయితే ఐఎన్ఎస్ 1505. సువాసన ద్రవ్యాలను కరిగించి పట్టి ఉంచే ద్రవంగా కూడా వాడతారు, అలాంటప్పుడు చాలాసార్లు ప్యాకెట్ మీద ఫ్లేవర్ అని మాత్రమే ఉంటుంది.

డియోడరెంట్ సంగతి రెండు మాటల్లో అయిపోతుంది. చంకల్లో ఉండే బ్యాక్టీరియా ఎంజైములు ఈ ఎస్టర్‌ని విడగొడితే పుట్టే ఆమ్లం అక్కడి పీహెచ్‌ని కాస్త తగ్గిస్తుంది, దాంతో చెమటని దుర్వాసనగా మార్చే ఆ ఎంజైముల పనే మందగిస్తుంది.

తెలుగువాళ్లకు దీనితో నిజమైన సంబంధం తెల్లసొన దగ్గర లేదు, డియోడరెంట్ దగ్గరా లేదు, మందుల దగ్గరుంది. పొద్దున్నే పరగడుపున వేసుకునే గ్యాస్ ట్యాబ్లెట్, పాంటొప్రజోల్ గానీ ఒమెప్రజోల్ గానీ, దాదాపు ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు వాడుతున్నదే. ఈ మందులకి ఒక చిత్రమైన కష్టముంది. కడుపులో ఆమ్లాన్ని తగ్గించాల్సిన మందు ఆ ఆమ్లంలోనే బతకలేదు. ఒమెప్రజోల్‌ని గాఢమైన ఆమ్లంలో వేస్తే నిమిషాల్లో నాశనమైపోతుంది. అందుకని మందు చుట్టూ ఒక పొర వేస్తారు. ఆ పొర జీర్ణాశయంలో కరగకూడదు, చిన్న పేగులోకి చేరి పీహెచ్ 5.5 దాటాక కరగాలి. దీన్నే ఎంటరిక్ కోటింగ్ అంటారు.

ఆ పొరకి ఎక్కువగా వాడేది మెథాక్రిలిక్ యాసిడ్ కోపాలిమర్ అనే పాలిమర్, అంటే చిన్న అణువులు వరసగా ముడిపడి పొడవాటి గొలుసులైన పదార్థం. ఒంటరిగా వాడితే అది గాజులా పెళుసు. ఎండేటప్పుడే చిట్లుతుంది, చిట్లిన చోటునుంచి ఆమ్లం లోపలికి పోతుంది, మందు కడుపులోనే పాడవుతుంది, వేసుకున్న మనిషికి మంట తగ్గదు. ఇక్కడ ట్రైఇథైల్ సిట్రేట్ వస్తుంది. ఆరిపోయి ఒకదానికొకటి అతుక్కున్న సేమ్యాలో కాస్త నెయ్యి కలిపితే పోగులు విడివడి జారినట్టు, ఈ చిన్న అణువులు పాలిమర్ గొలుసుల మధ్యకి దూరి అవి ఒకదాని మీద ఒకటి కదిలేలా చేస్తాయి. పొర సాగుతుంది, మాత్ర అంచుల దగ్గర కూడా చీలకుండా అంటుకుని ఉంటుంది.

కోటింగ్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసినవాళ్లకి దీని పేరు టీఈసీ. స్టీలు పాత్రలో నీళ్లు తీసుకుని స్టిర్రర్ తిరుగుతుండగా టీఈసీ తూచి పోస్తారు, పూత అతుక్కోకుండా టాల్క్ కలుపుతారు, ఆ తర్వాత పాలలా తెల్లగా ఉండే పాలిమర్ డిస్పర్షన్‌లో కలిపి నెమ్మదిగా తిప్పుతూ ఉంచుతారు. ఆ డిస్పర్షన్‌లో ఘనపదార్థం 30 శాతం ఉంటుంది, మిగతాది నీళ్లు. ఎండిన పాలిమర్ బరువులో టీఈసీ సుమారు పదో వంతు, అంటే 10 కిలోల పాలిమర్‌కి ఒక కిలో. నీళ్లలో కాస్త కరిగే గుణం ఇక్కడే పనికొస్తుంది: పాలిమర్ రేణువుల్లోకి త్వరగా చేరుకుంటుంది, అదే నీళ్లలో సరిగా కరగని డైబ్యూటైల్ సెబకేట్ లాంటివైతే చాలా ఎక్కువసేపు తిప్పాలి. తర్వాత స్ప్రే గన్‌తో తిరుగుతున్న మాత్రల మీదో, గాలిలో ఎగురుతున్న పెల్లెట్ల (క్యాప్సూల్‌లో నింపే చిన్న గుళికల) మీదో సన్నటి తుంపరగా కొడతారు, బెడ్ టెంపరేచర్, అంటే ఆ మాత్రల గుట్ట వేడి, 30 డిగ్రీల చుట్టూ ఉండేలా చూసుకుంటూ. టీఈసీ తక్కువైతే పొర చిట్లుతుంది. ఎక్కువైతే మాత్రలు బంకగా మారి రెండేసి అతుక్కుపోతాయి, దాన్ని షాప్ ఫ్లోర్ మీద ట్విన్నింగ్ అంటారు, ఆ బ్యాచ్‌ని కాపాడటం కష్టం.

పొర సరిగ్గా కుదిరిందో లేదో తేల్చే పరీక్ష సూటిగా ఉంటుంది. ఆరు మాత్రలను డిసింటిగ్రేషన్ యంత్రపు గొట్టాల్లో వేసి పలుచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో రెండు గంటలపాటు పైకీ కిందికీ ఆడిస్తారు. ఒక్కదాని మీదా పగులు రాకూడదు. తర్వాత యాసిడ్ తీసేసి పీహెచ్ 6.8 ద్రావణం పోస్తే గంటలోపు విడిపోవాలి. ఒక 200 మిల్లీగ్రాముల మాత్ర మీద పడే పొరంతా కలిపి 20 మిల్లీగ్రాములనుకుంటే అందులో టీఈసీ ఒకటీ రెండు మిల్లీగ్రాములకి మించదు. ఇందాకటి 1200తో పోల్చుకోండి. ముసలివాళ్లకు మింగడం కష్టమని ఈ మాత్రలను నలిపి ఇస్తుంటారు చాలా ఇళ్లలో, అది మాత్రం చేయకూడదు, నలిపితే ఈ కష్టమంతా వృథా.

ఇప్పుడు అసలు విషయం. టీఈసీ చేసే పనిని వేరేవి కూడా చేయగలవు, అందులో కొన్ని థాలేట్లు అనే వేరే రకం ప్లాస్టిసైజర్లు. డైబ్యూటైల్ థాలేట్, డైఇథైల్ థాలేట్ ఎంటరిక్ పూతల్లో చాలాకాలం వాడారు. డైబ్యూటైల్ థాలేట్ ఒంట్లో విడిపోయాక వచ్చేది సిట్రిక్ యాసిడ్ లాంటి పాత పరిచయస్తుడు కాదు. దాని అవశేషం హార్మోన్ల పనిలో వేలు పెడుతుంది, గర్భంలో ఉన్న మగ ఎలుక పిల్లల జననాంగాల ఎదుగుదలని దెబ్బతీస్తుందని పరీక్షల్లో తేలింది, యూరప్ దాన్ని సంతాన సామర్థ్యానికి హానికర పదార్థంగా వర్గీకరించింది. 2004లో అమెరికా పరిశోధకులు పెద్దపేగు పుండ్లకి మెసలమైన్ అనే మందు వాడుతున్న ఒక వ్యక్తి మూత్రంలో డైబ్యూటైల్ థాలేట్ అవశేషం మామూలు జనంలో కనిపించే దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉందని గమనించారు. ఎక్కడినుంచి వచ్చిందా అని వెతికితే జబ్బు నయం చేయాల్సిన ఆ మాత్ర పూతలోనే ఉంది. ఏళ్లతరబడి రోజూ వేసుకునే మాత్ర అది. 2012 డిసెంబర్లో అమెరికా ఎఫ్‌డీఏ, మందుల తయారీలో డైబ్యూటైల్ థాలేట్‌నీ, డీఈహెచ్‌పీ అనే ఇంకో థాలేట్‌నీ వాడకండి, వేరే ప్రత్యామ్నాయాలున్నాయి అని కంపెనీలకు మార్గదర్శకం ఇచ్చింది. ఆ ప్రత్యామ్నాయాల్లో ముందు వరసలో ఉన్నది ట్రైఇథైల్ సిట్రేట్.

అంటే గ్రూపుల్లో భయపడుతున్న ఆ పేరు, మాత్ర పూత విషయంలో, కనిపిస్తే కాస్త ఊపిరి పీల్చుకోవాల్సిన పేరు. "ప్లాస్టిసైజర్" అన్న మాట థాలేట్‌కీ వర్తిస్తుంది, సిట్రేట్‌కీ వర్తిస్తుంది, కానీ ఒంట్లోకి వెళ్లాక రెండింటి దారులు పూర్తిగా వేరు.

నిజం ప్లాస్టిక్ దగ్గరికొస్తే ట్రైఇథైల్ సిట్రేట్ అంత గొప్పదేం కాదు. ప్లాస్టిసైజర్ ఏదైనా పాలిమర్‌తో రసాయనికంగా ముడిపడి ఉండదు, మధ్యలో ఇరుక్కుని ఉంటుందంతే, కాబట్టి మెల్లగా బయటికి జారుతూ ఉంటుంది. నీళ్లలో కరిగేదైతే ఇంకా తొందరగా. పిల్లాడు నోట్లో పెట్టుకుని చప్పరించే పీవీసీ బొమ్మకి అది పనికిరాదు. అక్కడ దాని పెద్దన్న లాంటి అసిటైల్ ట్రైబ్యూటైల్ సిట్రేట్ వాడతారు. దానిలో ఇథనాల్ బదులు బ్యూటనాల్ కొసలుంటాయి, సిట్రిక్ యాసిడ్‌లో మూడు ఆమ్లపు కొసలు కాక మిగిలిన నాలుగో మూలని, అంటే హైడ్రాక్సిల్ కొసని, కూడా మూసేస్తారు, అణువు బరువు 276 నుంచి 402కి పెరుగుతుంది, నీళ్లకి దాదాపు లొంగదు. యూరప్ 1999లో తాత్కాలికంగా, 2005లో శాశ్వతంగా బొమ్మల్లో డీఈహెచ్‌పీ సహా కొన్ని థాలేట్లను 0.1 శాతానికి పరిమితం చేసింది, 2008లో అమెరికా కూడా అదే చట్టం చేసింది. సిట్రేట్లకు గిరాకీ పెరగడానికి అదొక పెద్ద కారణం. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, ఆ ప్రమాణాల్లో ఐఎస్ 9873 తొమ్మిదో భాగం థాలేట్ల గురించే. తిరునాళ్లలో నేల మీద పరిచి అమ్మే మెత్తటి రంగురంగుల బొమ్మల మీద ఆ గుర్తు ఉందో లేదో తిరగేసి చూడటం మన చేతిలో పని. వ్యాపారంలో డీఓపీ అని పిలిచేది ఆ డీఈహెచ్‌పీనే, సిట్రేట్ల కన్నా చవక, అందుకే అంత తేలిగ్గా పోదు.

రక్తం సంచులదీ ఇదే బాపతు, కానీ అక్కడ చిక్కు ఎక్కువ. పీవీసీ సంచిలోంచి జారే డీఈహెచ్‌పీ ఎర్ర రక్తకణాల పొరలోకి చేరి అవి నిల్వలో పగిలిపోకుండా కాపాడుతుంది కూడా. అందువల్ల దాన్ని తీసేస్తే సరిపోదు, కణాలను అంతే బాగా కాపాడేది కావాలి. బ్యూటిరైల్ ట్రైహెక్సైల్ సిట్రేట్ అనే ఇంకో సిట్రేట్‌తో సంచులు చేశారు, అవి వాడకంలో ఉన్నాయి. అయినా యూరప్ వైద్య పరికరాల్లో డీఈహెచ్‌పీ వాడకం ఆపాల్సిన గడువుని 2030 దాకా పొడిగించాల్సి వచ్చింది.

ఇక స్ట్రిప్పు దగ్గరికి వద్దాం. ఇంట్లో ఉన్న ఏ గ్యాస్ మాత్ర స్ట్రిప్పైనా వెనక్కి తిప్పి చూడండి. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రంగు ఏది వాడారో, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. మిగతాదంతా ఒక్క మాటలో, ఎక్సిపియెంట్స్ క్యూ.ఎస్. అని, అంటే మందు కాని మిగతా పదార్థాలు కావలసినంత. ఎక్కువ స్ట్రిప్పుల మీద ఇంతే. ఆ మాటలో టీఈసీ ఉండొచ్చు, డైఇథైల్ థాలేట్ ఉండొచ్చు, ఏదుందో స్ట్రిప్పు చూసి తెలిసే దారి లేదు. మందు కానివన్నీ ఉత్త పూరకాలే కదా అనుకోవడం ఎంత ప్రమాదమో 2022లో గాంబియాలో తెలిసింది. అక్కడ పిల్లల మరణాల తర్వాత దగ్గు సిరప్‌లను పరీక్షించినప్పుడు బయటపడిన డైఇథైలిన్ గ్లైకాల్ మందు కాదు, మందుని కరిగించే ద్రవాలతో పాటు లోపలికొచ్చే రకం విషం. మన దేశంలో 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్ల మందుల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. ఆ నిబంధన అడిగింది మందు పేరు, తయారీదారు, బ్యాచ్, తేదీలు, లైసెన్సు నంబరు లాంటి వివరాలు. పూతలో ఏముందో అడగలేదు.

ఈ సమాచారం ఎక్కడా లేక కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ దగ్గర తయారై అమెరికా వెళ్లే మందులకి, పూతలో వాడిన టీఈసీతో సహా పదార్థాల పేర్లు అక్కడి లేబుల్ మీద మామూలుగా రాస్తారు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే డైలీమెడ్ వెబ్‌సైట్లో ఆ లేబుళ్లను ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. పాంటొప్రజోల్ అని కొట్టి, ఇనాక్టివ్ ఇంగ్రీడియెంట్స్ దగ్గరికి వెళ్తే చాలా కంపెనీల జాబితాల్లో మెథాక్రిలిక్ యాసిడ్ కోపాలిమర్, ట్రైఇథైల్ సిట్రేట్ పక్కపక్కనే కనిపిస్తాయి. న్యూజెర్సీలో ఉన్న కూతురికి తన మాత్రలో ఏముందో తెలుస్తుంది, అమీర్‌పేటలో అదే రకం మందు కొనుక్కునే తండ్రికి తెలియదు. లైసెన్సు కోసం దరఖాస్తు చేసినప్పుడే ఆ పదార్థాల జాబితా కంపెనీ తయారుచేసి ఉంటుంది. స్ట్రిప్పు మీద చోటు చాలకపోతే క్యూఆర్ కోడ్‌లో ఇంకో వరస చేర్చడానికి చోటుంది.